ఓపెన్ సోర్స్‌లో బగ్గులు వెతికితే ఉద్యోగం వస్తుందా?

నర్సరావుపేట నుంచి ఒక తండ్రి అడిగారు: "మావాడు సీఎస్‌ఈ థర్డ్ ఇయర్. రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని లిబ్రేఆఫీస్‌లో బటన్ సరిగ్గా లేదు, మెనూలో అక్షరాలు తెగిపోతున్నాయి అని ఎవరికో రాస్తుంటాడు. పైసా రాదంట. వాడి ఫ్రెండ్సేమో అమీర్‌పేటలో జావా ఫుల్ స్టాక్ కోర్సు అంటున్నారు. మాన్పించమంటారా?"

మాన్పించకండి సార్. కాకపోతే వాడు అసలు ఏం రాస్తున్నాడో ఒకసారి చూడాలి, ఎందుకంటే "ఇది పనిచేయట్లేదు, సరిచేయండి" అని ఒక లైను పడేసి పోయేవాళ్లూ ఉంటారు, ఎక్కడ ఎందుకు చెడిందో పట్టుకునేదాకా వదలనివాళ్లూ ఉంటారు. మొదటి రకమైతే మీ కోపం కరెక్టే.

లిబ్రేఆఫీస్ అంటే వర్డ్, ఎక్సెల్ లాంటిదే, డబ్బులు కట్టక్కర్లేదు, కోడ్ ఎవరైనా చూడొచ్చు మార్చొచ్చు, ఓపెన్ సోర్స్ అంటే అదే. 2010లో ఓపెన్‌ఆఫీస్ నుంచి విడిపోయింది, డాక్యుమెంట్ ఫౌండేషన్ చూసుకుంటుంది. దీని మూలం స్టార్‌ఆఫీస్ అనే జర్మన్ సాఫ్ట్‌వేర్, అందుకే కోడ్ మధ్యలో జర్మన్ కామెంట్లు (కోడ్ రాసినవాళ్లు పెట్టుకునే వివరణలు) బోలెడుండేవి, వాటిని ఇంగ్లీషులోకి మార్చడం కొత్తవాళ్లకిచ్చే పనుల్లో ఒకటిగా ఉండేది! అలాంటి చిన్న పనుల్ని "ఈజీ హ్యాక్స్" అని విడిగా గుర్తుపెట్టి ఉంచుతారు, మీవాడికి తెలిసే ఉంటుంది.

ఇప్పుడు అక్షరాలు తెగిపోవడం సంగతి. ఇంగ్లీషులో నాలుగక్షరాల మాట తెలుగులో బారెడవుతుంది, బటన్ వెడల్పు ముందే ఫిక్స్ చేసేసి ఉంటే చివర ఎగిరిపోతుంది, లైను ఎత్తు చాలకపోతే "రాష్ట్రం"లో కింద వత్తులు కనబడవు. ఇది ఇంగ్లీషులో వాడేవాళ్ల కంట పడదు కాబట్టి మీవాడి లాంటోళ్లు చెప్తేనే తెలుస్తుంది. అయితే చెప్పే పద్ధతి ఉంది. హెల్ప్ మెనూలో అబౌట్ ఓపెన్ చేస్తే వెర్షన్, ఓఎస్ వివరాలన్నీ ఉంటాయి, కాపీ బటన్ కూడా ఉంటుంది, అది బగ్‌జిల్లాలో, అంటే బగ్గులు (లోపాలు) రాసే వెబ్‌సైట్‌లో, పేస్ట్ చేయాలి. అంతకుముందు సేఫ్ మోడ్‌లో రీస్టార్ట్ చేసి అప్పుడూ వస్తోందా చూడాలి, రాకపోతే గొడవ తన సెట్టింగుల్లోనే ఉందన్నమాట. స్క్రీన్ స్కేలింగ్ (తెర మీద అన్నీ ఎంత పెద్దగా కనబడాలన్నది) 100 శాతం నుంచి 150కి మార్చి చూడాలి, ఫాంట్ లోహిత్ తీసి నోటో పెట్టి చూడాలి, ఒక్క ఫాంట్‌లోనే తెగుతుంటే తప్పు ఫాంట్‌ది కావచ్చు, ఆ బగ్ వెళ్లాల్సింది ఇంకోచోటికి. ఇదే బగ్ ఎవరైనా ముందే రాశారేమో వెతకాలి. అప్పుడు ఏం నొక్కితే ఏం రావాలి, ఏం వచ్చింది అని వరసగా రాసి స్క్రీన్‌షాట్ పెట్టాలి, ఒక రిపోర్టులో ఒకటే బగ్. తర్వాత ఎవరో ఏదో అడుగుతారు, జవాబివ్వకుండా నెలలు నెలలు వదిలేస్తే మూసేస్తారు.

రిపోర్టుల దగ్గరే ఆగిపోతే మాత్రం టెస్టింగ్ ఉద్యోగానికి పనికొస్తుంది, డెవలపర్ ఉద్యోగానికి చాలదు, ఒక్కటైనా తనే ఫిక్స్ చేయాలి. లిబ్రేఆఫీస్‌లో చాలా డైలాగ్ బాక్సులు డాట్ యూఐ అనే ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లలో ఉంటాయి, ఒక్కోసారి వెడల్పు రాసిన ఒక లైను తీసేస్తే సరిపోతుంది, కానీ ఆ మార్పు పనిచేసిందో చూడ్డానికి మొత్తం సోర్స్ దించి బిల్డ్ చేయాలి, అంటే కోడ్‌ని నడిచే ప్రోగ్రాంగా మార్చాలి, మామూలు ల్యాప్‌టాప్‌లో మొదటిసారి గంటలు పడుతుంది, ఫ్యాన్ మోత మీకూ వినిపిస్తుంది. తర్వాత ప్యాచ్ (వాడు చేసిన మార్పు) గెరిట్ అనే రివ్యూ సైట్‌కి వెళ్తుంది, అక్కడ ముక్కూమొహం తెలియని సీనియర్ "ఇలా కాదు, ఇంకో డైలాగ్ చెడిపోతుంది" అంటాడు, అలగకుండా మార్చి మళ్లీ పంపాలి. నా దృష్టిలో ఈ మొత్తంలో అసలు ట్రైనింగ్ ఇదొక్కటే సార్, కాలేజీ ప్రాజెక్టుల్లో ఇది దొరకదు, రికార్డు మీద సంతకం పెట్టేసి పంపించేస్తారు.

కోడ్ ఇచ్చేముందు లైసెన్సుకి ఒప్పుకుంటున్నానని ఒక మెయిల్ పెట్టమంటారు, ఎంపీఎల్, ఎల్‌జీపీఎల్ అని లైసెన్సుల పేర్లుంటాయి, భయపడక్కర్లేదు, రాసింది వాడి పేరు మీదే ఉంటుంది. "ఓపెన్ సోర్స్ సర్టిఫికెట్ ఇస్తాం, ఫీజు కట్టండి" అని ఎవరైనా అంటే మాత్రం కట్టొద్దు. ఇంకోటి, లెక్క పెంచుకోడానికి పనికిరాని మార్పులు పంపొద్దని చెప్పండి, 2020లో హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే ఓపెన్ సోర్స్ ఈవెంట్‌లో ఇచ్చే టీషర్టు కోసం అలా పంపిస్తే ప్రాజెక్టులవాళ్లు విసిగిపోయి పెద్ద రచ్చ అయింది, చివరికి ఇష్టపడిన ప్రాజెక్టులకే వర్తించేలా రూల్ మార్చాల్సొచ్చింది.

ఉద్యోగం సంగతి దాచకుండా చెప్తాను. కొలాబొరా, రెడ్ హ్యాట్, సూసె, కనానికల్ లాంటి కంపెనీలు ఓపెన్ సోర్స్ పనికి జీతమిస్తాయి కానీ సీట్లు తక్కువ, ఫ్రెషర్‌కి ఇంకా తక్కువ. మధ్యలో గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ అని కొత్తవాళ్లతో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు చేయించే ప్రోగ్రాం ఉంది, 18 నిండితే అప్లై చేయొచ్చు, స్టైపెండ్ వస్తుంది, అప్పటికే ప్యాచ్‌లు పంపినవాడి అప్లికేషన్‌కి బలముంటుంది. మామూలు క్యాంపస్ డ్రైవ్‌లో మాత్రం చాలా కంపెనీలు 60 శాతం, బ్యాక్‌లాగ్స్ లేకపోవడం చూశాకే లోపలికి రానిస్తాయి, అక్కడ బగ్‌జిల్లా ఎవడూ అడగడు. కాబట్టి పరీక్షల నెలలో పూర్తిగా బంద్, మిగతా రోజుల్లో పదకొండుకి ల్యాప్‌టాప్ మూసేయాలి, రోజూ ఒక గంట డేటా స్ట్రక్చర్స్. రెజ్యూమెలో "ఓపెన్ సోర్స్ కంట్రిబ్యూటర్" అని ఊరికే రాస్తే లాభంలేదు, మెర్జ్ అయిన (ప్రాజెక్టులో చేర్చుకున్న) ప్యాచ్ లింకు పెట్టాలి, ఇంటర్వ్యూలో దాని మీదే పది నిమిషాలు మాట్లాడగలగాలి.

అమీర్‌పేట అంటారా, ఫైనల్ ఇయర్‌కి ముందు సెలవుల్లో వాడే అడిగితే పంపండి. ముందు డెమో క్లాసులు విననివ్వండి, ఫీజు మొత్తం ఒకేసారి కట్టకండి.