చింతగింజల యంత్రం తలపెట్టిన మేనల్లుడికి

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

చింతపండు నుండి గింజ తీసే యంత్రానికి నీవు గీసి పంపిన బొమ్మలు చూశాను. ఆలోచన బాగుంది. అయితే హైదరాబాద్ బాలానగర్ కార్ఖానాల్లో లేత్‌ల మధ్య బతుకంతా గడిపినవాడిగా, ఆ బొమ్మలు దాటి రెండు మాటలు చెప్పాలనిపించింది.

నీవు ఎడిసన్‌ను తలచుకున్నావు. వెయ్యికి పైగా పేటెంట్లు పొందిన ఆయనకు 1869లో వచ్చిన మొట్టమొదటి పేటెంటు, చట్టసభలో ఓట్లను విద్యుత్తుతో క్షణాల్లో లెక్కించే యంత్రానిది. అది పనిచేసినా ఎవరూ కొనలేదు. ఓట్ల లెక్కింపు నెమ్మదిగా సాగడమే సభ్యులకు కావాలి, ఆ సందులోనే వారు ఎదుటివారిని తమవైపు తిప్పుకొనేవారు. అడగనివారి కోసం పడిన చాకిరీ అలా అటకెక్కింది.

మన ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం గారి పని ఇందుకు భిన్నంగా మొదలైంది. చిటికి (దారానికి ముందే ముడులు వేసి రంగులద్ది నేసే) పట్టుచీరకు ఆసు పోయడంలో, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చుట్టడంలో, వేలసార్లు చెయ్యి తిప్పి తిప్పి తల్లి లక్ష్మిగారి భుజం పట్టేయడం ఆయన రోజూ చూశారు. 1992లో పూనుకొంటే ఆసు పోసే యంత్రం పూర్తయ్యేసరికి 1999 వచ్చింది. పద్మశ్రీ 2017లో అందింది. చివరి చిక్కు మా బాలానగర్‌లోనే, మరేదో యంత్రం కదలిక గమనిస్తుండగా విడిందని చెబుతారు. దానిని అదృష్టమనేవారితో నేను ఏకీభవించను. ఆ కదలికను మా కార్మికులెందరో రోజూ చూసేవారు, కానీ దాని కోసం ఏళ్ల తరబడి వెతుకుతున్నవాడు ఆయనొక్కరే.

కాబట్టి ముందుగా వాకిట్లో చింతపండు కొట్టే ఆడవాళ్ల పక్కన కూర్చో. పెంకు, ఈనెలు, గింజ ఏ వరుసలో తీస్తున్నారో, ఎక్కడ ఆగుతున్నారో, చేతికి ఎప్పుడు నూనె రాసుకుంటున్నారో పుస్తకంలో రాసుకో. ఫాల్గుణంలో పొడిగా ఉండే పండు వానాకాలానికి చెమ్మ పీల్చి జిగురెక్కుతుంది. నీ బొమ్మలోని రోలర్లకు అదే చుట్టుకుంటుందని నా అనుమానం. బేగంబజార్ నుండి కొత్త పండు, పాత పండు రెండూ తెచ్చి నడిపి చూడు. రోలర్ల ఎడం మార్చిన రోజున వేగం ముట్టుకోవద్దు. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో నీకే తెలియదు. మోటారు కొత్తది కొనకు, రాణిగంజ్‌లో పాతది దొరుకుతుంది.

ఈలోగా యంత్రం నడిచే వీడియోను ఎవరికీ పంపవద్దు. దరఖాస్తుకు ముందే బయటపడితే కొత్తదనం పోయి పేటెంటు చేజారే ప్రమాదముంది. ముందు చెన్నై పేటెంటు కార్యాలయానికి తాత్కాలిక వివరణతో దరఖాస్తు పెట్టు. పూర్తి వివరణకు 12 నెలల గడువుంటుంది. ఆ లోపల ఒక వానాకాలం ఎలాగూ వస్తుంది, జిగురు పండు సంగతి అప్పుడు తేలుతుంది.

మీ మామయ్య