షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు... మాత్ర మొదలుపెట్టనా?

ప్రశ్న: డాక్టరు గారూ, నా వయసు 43. ఆఫీసులో రోజంతా కూర్చునే పని. మా నాన్నగారికి షుగర్ ఉంది. ఈమధ్య పరీక్ష చేయిస్తే పరగడుపున నాకు 114 వచ్చింది. బోర్డర్‌లో ఉంది, మందులు అక్కర్లేదు, అలవాట్లు మార్చుకోమన్నారు. నాకేమో ఒకటే టెన్షన్. ముందే మాత్ర వేసుకుంటే నయం కదా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఇంట్లో షుగర్‌ను దగ్గరగా చూసినవాళ్లకు ఈ భయం సహజమేనమ్మా. కానీ మందు రాయలేదంటే పట్టించుకోలేదని అనుకోకండి. మీకు చెప్పింది వైద్యమే.

పరగడుపున 100 నుంచి 125 వరకు ఉంటే ప్రీడయాబెటిస్ అంటాం. ఈ దశలో ఉండి, బరువు కూడా ఎక్కువున్న మూడు వేల మందికి పైగా అమెరికాలో ఒక పెద్ద పరిశోధనలో పాల్గొన్నారు. 2002లో ఫలితాలు వచ్చాయి. కొందరికి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఇచ్చారు. కొందరిని బరువులో 7 శాతం తగ్గమని, వారానికి 150 నిమిషాలు నడక లాంటి వ్యాయామం చేయమని చెప్పి, వెంటపడి చేయించారు. ఏ మందూ లేని మాత్రలు వేసుకున్నవాళ్లతో పోలిస్తే, దాదాపు మూడేళ్లలో షుగర్ బారిన పడడం మెట్‌ఫార్మిన్ వాడినవాళ్లలో 31 శాతం తగ్గింది. అలవాట్లు మార్చుకున్నవాళ్లలో 58 శాతం తగ్గింది! మీలాంటివాళ్లు అడిగినప్పుడల్లా నేను ఈ లెక్కే చెబుతాను.

నడకంటే తెల్లవారుజామున లేచి గంటసేపు నడవాలనుకుంటారు చాలామంది. ఆ ఉత్సాహం రెండు వారాలు కూడా నిలవదు. మీరు భోజనం అయ్యాక నడవండి. తిన్న కాసేపటికి రక్తంలో గ్లూకోజు పెరుగుతుంది. సరిగ్గా అప్పుడు నడిస్తే తొడలు, పిక్కల కండరాలు ఇన్సులిన్ మీద పెద్దగా ఆధారపడకుండానే ఆ గ్లూకోజును వాడేసుకుంటాయి. పది, పదిహేను నిమిషాలు చాలు. ఆఫీసు వరండాలో అటూ ఇటూ తిరిగినా సరే. మధ్యలో ఫోన్ వస్తే కుర్చీలోంచి లేచి మాట్లాడండి.

తీపి పానీయాలు మానేయండి. ఇందులో మొహమాటం వద్దు.

నిద్ర సంగతి మీరు రాయలేదు. కొన్ని రాత్రులు వరసగా నిద్ర తగ్గినా ఇన్సులిన్ పనితనం మందగిస్తుంది. ఏడు గంటలకు తక్కువ కాకుండా చూసుకోండి. పడక దగ్గర ఫోన్ పెట్టుకోవద్దు.

మూడు నెలలయ్యాక హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష చేయించండి. రెండు మూడు నెలల సగటు అందులో తెలుస్తుంది కాబట్టి ఒక్క రోజు అంకె చూసి కంగారుపడే పని ఉండదు. ఈలోగా దాహం విపరీతంగా వేసినా, మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి వస్తున్నా, కారణం లేకుండా బరువు తగ్గినా ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఇంకొకటి. గర్భంతో ఉన్నప్పుడు మీకు షుగర్ వచ్చిందా? వచ్చి ఉంటే మీ డాక్టరుకు తప్పకుండా చెప్పండి. అలాంటివాళ్లకు, బరువు బాగా ఎక్కువున్నవాళ్లకు అలవాట్లతో పాటు మాత్ర కూడా ఇవ్వాలా అని ఆలోచిస్తారు.