పార్కు గేటుకు తాళం వేశారు, లేఅవుట్ కాపీ ఎక్కడుంది?

ప్రశ్న: మా కాలనీ 1987 నాటి లేఅవుట్. మధ్యలో పార్కుకని స్థలం వదిలారు. అందులో చెట్లు మా నాన్నగారు నాటినవే. చివరి రోజుల్లో ఆయన రోజూ సాయంత్రం వేపచెట్టు కిందే కూర్చునేవారు. ఇప్పుడు లేఅవుట్ వేసినాయన కొడుకులు చుట్టూ గోడ కట్టి తాళం వేశారు. మున్సిపాలిటీకి గిఫ్ట్ డీడ్ రాసివ్వలేదు కాబట్టి స్థలం తమదే అంటున్నారు. గోడ కట్టి రెండేళ్ళ తొమ్మిది నెలలైంది. లోపల మనమే వినాయకుడి గుడి కట్టేస్తే ఎవరూ కదపలేరని కాలనీ పెద్దలు అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయాలి?

జవాబు: ఉత్తరంలో సగం వేపచెట్టు గురించే రాశారు. చెట్టు నాటితే నేల మీద హక్కు రాదు. అసలు రాయాల్సింది రాయలేదు. మంజూరైన లేఅవుట్ ప్లానులో ఆ స్థలం మీద 'పార్కు' అని ఉందా, లేదా? కేసు తేలేది అక్కడే.

ఉంటే, గిఫ్ట్ డీడ్ లేదన్న మాటకు భయపడకండి. పండిట్ చేత్ రామ్ వశిష్ఠ్ కేసులో, అలాంటి స్థలాన్ని ఉచితంగా తన పేరుకు బదిలీ చేయమని అడిగే హక్కు కార్పొరేషన్‌కు లేదని సుప్రీంకోర్టు చెప్పింది. అవతలి లాయరు అంతవరకే చదివి వినిపిస్తాడు. లేఅవుట్‌లో పార్కుగా చూపాక యజమాని ఆ స్థలాన్ని ప్రజల కోసమే పట్టుకుని ఉంటాడని కూడా అదే తీర్పులో ఉంది. ఆ భాగం మీ లాయరు చదవాలి. 'అడగడానికి మీరెవరు?' అంటే 1991 నాటి బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసు ఉంది. పార్కు స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇస్తే అక్కడి నివాసులే కోర్టుకెళ్ళి ఆపించారు.

పార్కు చరిత్ర బొత్తిగా పనికిరాదని కాదు. 1999లో లక్నో ఝండేవాలా పార్కు కేసులో సుప్రీంకోర్టు దాని చారిత్రక ప్రాధాన్యాన్ని గుర్తించింది, పార్కు అడుగున భూగర్భంలో కడుతున్న షాపింగ్ కాంప్లెక్స్‌ను కూల్చి మళ్ళీ పార్కు చేయమంది. కానీ అక్కడ టెండరు లేకుండా కాంట్రాక్టు ఇచ్చినట్టు కాగితాలు పలికాయి. జ్ఞాపకాలు ఆ తర్వాతే.

మీ కాగితాలు మీ బీరువాల్లోనే ఉండొచ్చు. పార్కుకు ఆనుకున్న ఇళ్ళవాళ్ళ దస్తావేజులు తీయించి హద్దులు చూడండి. 'తూర్పు: పార్కు స్థలం' అని రాసి, అమ్మినవారిగా ఆ కొడుకుల తండ్రి సంతకం ఉంటే వాళ్ళ నోరు వాళ్ళ నాన్నే మూయించినట్టు.

ఇక గడువు. కళ్ళముందు గోడ లేస్తుంటే 33 నెలలు ఏం చేశారు? ఒక్క రాతపూర్వక అభ్యంతరమైనా ఇచ్చారా? గోడ తీయించమని వేసే దావాకు సాధారణంగా 3 ఏళ్ళే గడువు. రోజూ కొనసాగుతున్న తప్పు కాబట్టి గడువు దాటదని వాదించవచ్చు గానీ, ఆ వాదన మీద కాలనీని పందెం కాయకండి. మీకు మిగిలింది మూడు నెలలు.

గుడి ఆలోచన ఈరోజే మానుకోండి. పార్కులు, రోడ్ల వంటి బహిరంగ స్థలాల్లో ఏ మతానికీ కొత్తగా అనుమతి లేని ప్రార్థనా స్థలం కట్టనివ్వొద్దని సుప్రీంకోర్టు 2009 సెప్టెంబరు 29న ఆదేశించింది. విగ్రహం పెట్టిన మరుక్షణం ఆక్రమణదారు మీరవుతారు. పైగా తాళం పగలగొట్టి లోపలికి వెళ్ళారని మీ మీదే క్రిమినల్ కేసు పెడతారు.

రేపే టౌన్ ప్లానింగ్ విభాగంలో లేఅవుట్ ప్లాను సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు చేయండి, సమాచార హక్కు కింద కూడా అడగండి. ఫైలు లేదంటే ఆ మాట రాయించుకుని డీటీసీపీలో (రాష్ట్ర పట్టణ, గ్రామ ప్రణాళిక శాఖ) అడగండి. సమాచార హక్కు జవాబుకు 30 రోజులు పడుతుంది, అందాకా చేతులు ముడుచుకుని కూర్చోవద్దు. గోడ తొలగించమని మున్సిపల్ కమిషనర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో వినతిపత్రం పంపి రసీదు దాచండి. ప్లాను చేతికొచ్చాక కూడా ఆయన కదలకపోతే ఆయన చేత పని చేయించమని హైకోర్టులో రిట్ పిటిషన్ వేయవచ్చు. సివిల్ కోర్టు దారిలో సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) 91 సెక్షన్ కింద కోర్టు అనుమతితో ఇద్దరు నివాసులు దావా వేస్తే చాలు, సొంత నష్టం చూపనక్కర్లేదు.

ప్లానులో పార్కు అన్న మాటే లేకపోతే నేను పైన చెప్పిన తీర్పులు మీకు అక్కరకు రావు. అప్పుడు మిగిలేది దస్తావేజుల హద్దులే. వాటి జిరాక్సులతో మళ్ళీ రాయండి.