ఉప్పు మరిచిన పప్పు

అమ్మా,

నువ్వు పంపిన మీ బడి పత్రిక రెండు సంచికలూ అందాయి. ‘నువ్వు’ అంటున్నందుకు ఏమీ అనుకోకు, మా చిన్నమ్మాయి వయసు నీది. టీచరుగా చేరిన ఏడాదిలోనే పిల్లల చేత ఎనిమిది పేజీల పత్రిక తెప్పించడం మంచి పని. ఇక నాకు కోపం తెప్పించిన సంగతికి వస్తాను.

రెండో సంచిక, మొదటి పేజీ. ‘ఎన్‌ఎంఎంఎస్‌లో మన విద్యార్థుల ప్రతిభ’ అని హెడ్డింగ్. ఎనిమిదో తరగతిలో పరీక్ష పెట్టి పేదింటి పిల్లలకు కేంద్రం ఇచ్చే ఆ స్కాలర్‌షిప్‌కు మన పాఠశాల నుంచి ఏడుగురు ఎంపికయ్యారని ఒక్క వాక్యం. ఆ తర్వాత హెచ్‌ఎం గారు, ఎంఈఓ గారు, సర్పంచ్ గారు, బడి కమిటీ (ఎస్‌ఎంసీ) చైర్మన్ గారు, బహుమతుల దాత, హర్షం వ్యక్తం చేసిన మాస్టార్లు. పెన్ను పెట్టి లెక్కపెట్టాను, పదకొండు పేర్లు. పరీక్ష రాసి నెగ్గిన ఏడుగురిలో ఒక్కరి పేరూ లేదు. ఫొటోలో కూడా శాలువాల వెనక నుంచి రెండు జడలు, ఒక సగం మొహం కనిపిస్తున్నాయి.

పత్రిక అక్కడే పక్కన పెట్టేసేవాణ్ణి. చివరి పేజీ అడుగున, ఖాళీ నింపడానికి పెట్టినట్టున్న నాలుగు లైన్లు కంటపడ్డాయి. ఫలితాలు వచ్చిన రోజు మధ్యాహ్న భోజనం వండే ఆవిడ పప్పులో ఉప్పు వేయడం మర్చిపోయిందనీ, ఎంపికైన వాళ్లలో ఆవిడ కూతురు కూడా ఉందనీ రాశావు. అంతే రాశావు. ఆ నాలుగు లైన్లూ మా ఆవిడను పిలిచి చదివి వినిపించాను. ఈ ఉత్తరం వాటి కోసమే రాస్తున్నాను.

అది మొదటి పేజీ వార్త తల్లీ. ఆవిడకు వచ్చే గౌరవ వేతనం నెలకు 3 వేలు. ఆ స్కాలర్‌షిప్ ఏడాదికి 12 వేలు, తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా నాలుగేళ్లు. తల్లి నాలుగు నెలలు పొయ్యి దగ్గర నిలబడితే వచ్చే డబ్బును ఎనిమిదో తరగతి పిల్ల ఏటా తన ఖాతాలోకి తెచ్చుకుంటోంది. ఉప్పు మర్చిపోదూ మరి!

ఆ పరీక్షలో మెంటల్ ఎబిలిటీకి 90 మార్కులు, సబ్జెక్టులకు 90. ఆ అంకెల వరుసలూ అద్దంలో బొమ్మలూ ఈ పిల్ల ఎక్కడ కూర్చుని నేర్చుకుంది? సాయంత్రం ఆఖరి బస్సు పోనిచ్చుకుని మరీ ఎవరు చెప్పారు? ఎక్కడ అర్థంకాక ఏడ్చింది? ఇవి రాస్తే ఇప్పుడు ఏడో తరగతిలో ఉన్న పిల్లలు పట్టుకుని చదువుతారు. ప్రభుత్వ, జెడ్పీ, ఎయిడెడ్ బడుల పిల్లలు రాసుకోవచ్చనీ, ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదనీ, ఎంపికయ్యాక కూడా ఏటా రెన్యువల్ చేయించకపోతే డబ్బు ఆగిపోతుందనీ రాస్తే తల్లిదండ్రులు ఆ కాగితాన్ని రేషన్ కార్డు పక్కన దాచుకుంటారు. ‘హర్షం వ్యక్తం చేశారు’ అన్న వాక్యాన్ని ఎవరు దాచుకుంటారు?

పేర్ల గురించి నాకింత పట్టింపు ఎందుకో చెప్తాను. తొంభైల్లో నేను ఒక దినపత్రికకు మండల కంట్రిబ్యూటర్‌ని, అంటే మండల విలేకరిని. వార్తలు తెల్లకాగితాల మీద రాసి, కవర్లో పెట్టి, సాయంత్రం ఆర్టీసీ బస్సులో జిల్లా కేంద్రానికి పంపేవాళ్లం. ఆ ఏడు మా హైస్కూల్ ఆడపిల్లలు జిల్లా ఖోఖోలో కప్పు కొట్టారు. గ్రౌండులోకి దిగేది తొమ్మిది మందే అయినా జట్టులో ఉన్న పన్నెండు మంది పేర్లూ ఇంటిపేర్లతో సహా రాసి పంపాను. మర్నాడు పేపరు తెరిస్తే ఒక్క పేరు లేదు. షీల్డు ఇచ్చిన రైసుమిల్లు యజమాని పేరు, ఆయన పక్కన నిలబడిన నలుగురి పేర్లు మాత్రం పదిలంగా ఉన్నాయి. ఫోన్ చేసి అడిగితే, ‘ప్లేస్ లేదు, పైగా ఆయన ఆగస్టు పదిహేనుకి యాడ్ ఇచ్చే మనిషి’ అన్నాడు డెస్క్‌లో సబ్ ఎడిటర్. ఆ మాట మీద కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

ఫోన్ పెట్టేసి ఇంటికి వచ్చేసరికి కెప్టెన్ పిల్ల తండ్రి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. రిక్షా తొక్కేవాడు. బస్టాండులో ఐదు పేపర్లు కొని చంకలో పెట్టుకుని వచ్చాడు. చదువు రాదు. ‘అయ్యా, మా పిల్ల పేరు ఎక్కడుందో చూపించండి’ అన్నాడు. లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మిల్లు యజమాని పేరు మీద వేలు పెట్టి ‘ఇదిగో’ అన్నాను. ఆయన ఆ చోటును బొటనవేలితో మెల్లగా తడిమాడు. వేలికి సిరా అంటింది. పేపరు నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, నాకు దండం పెట్టి వెళ్లిపోయాడు. ఆయనకు చదువు రాకపోయినా ఆ పిల్లకు వచ్చు. ఇంటికి వెళ్లాక ఏం జరిగి ఉంటుందో కనుక్కునే ధైర్యం నాకు లేకపోయింది. తర్వాత చాలాకాలం ఆయన రిక్షా ఎదురైతే పక్క సందులోకి తిరిగేవాణ్ణి.

కాబట్టి పిల్లల పేర్లు ముందు రాయి. హాజరు పట్టీ దగ్గర పెట్టుకుని, ఇంటిపేరుతో సహా, అక్షరం పొల్లుపోకుండా రాయి. పెద్దలు నొచ్చుకుంటారని టెన్షన్ పడకు, వాళ్లందరినీ ఆఖర్న ఒక్క లైన్లో కూర్చోబెట్టు. చోటు చాలకపోతే ఆ లైనే తీసెయ్యి. ‘ఘనంగా’, ‘అట్టహాసంగా’ అన్న మాటలు నీ పత్రికలో ఇక కనిపించకూడదు.

మొదటి సంచికలో, పిల్లల సైన్స్ ఆలోచనలకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ మనక్ అవార్డుకు ఎంపికైన అమ్మాయి గురించి రాస్తూ ‘మట్టిలో మాణిక్యం’ అన్నావు. ఈ ఫ్యాషన్ జిల్లా పేజీలు అంటించిన జబ్బు. పిల్ల మాణిక్యమైతే మట్టి ఎవరు? పత్తి ఏరే వాళ్లమ్మా, ట్రాక్టర్ తోలే వాళ్ల నాన్నా? ఆ హెడ్డింగ్‌ను ఆ పిల్ల ఇంట్లో పైకి చదవగలదా? నమూనా తయారీకి 10 వేలు వచ్చాయని రాశావు, బాగుంది. ఆ డబ్బుతో ఏం కొంది, మొదట చేసింది ఎందుకు పనిచేయలేదు, మళ్లీ ఎలా విప్పి బిగించింది? ఆ పిల్ల దగ్గర ఒక గంట కూర్చుంటే నీకు తెలిసేది. పప్పు సంగతి మొదటి పేజీకి తెచ్చేటప్పుడు కూడా ముందు ఆ తల్లినీ కూతుర్నీ అడుగు. వాళ్లు వద్దంటే మానెయ్యి.

పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి పేజీన్నర ఇచ్చావు. వాళ్లు పెట్టించిన వాటర్ ప్లాంటులో ఇప్పుడు నీళ్లు వస్తున్నాయా? ఫిల్టర్లు ఎవరి డబ్బుతో మారుస్తున్నారు? రిబ్బన్ కత్తిరించిన రోజు కంటే ఆరు నెలల తర్వాతి రోజు అసలు వార్త.

కవితల పేజీ ఉంచాలా, పత్రిక వాట్సాప్‌లో పెట్టాలా అని అడిగావు. అవి ఇంకోసారి మాట్లాడుకుందాం.

మూడో సంచిక దాకా ఆగకు. ఆ ఏడుగురి పేర్లూ నీ చేత్తో ఒక కాగితం మీద రాసి నాకు పంపు. ఇంకా, ఆవిడకు ఆ కబురు చెప్పింది ఎవరు? పొయ్యి దగ్గరికి పరిగెత్తుకెళ్లింది కూతురేనా? ఉప్పు లేని పప్పు పిల్లలు అలాగే తిన్నారా, వడ్డించాక కలుపుకున్నారా? అవేవీ నువ్వు రాయలేదు. కనుక్కుని రాయి.

ఆశీస్సులతో,
మీ పాత విలేకరి