ఫోన్‌లో ఇంటి ఓనరు

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయి పదో తరగతి పరీక్షలు రాసి సెలవుల్లో ఉన్నాడు. పొద్దస్తమానం ‘రెంట్ ప్లీజ్!’ అనే ఆటే. అందులో అద్దెకున్నవాళ్ల ముచ్చట్లు చెప్పి ఒకటే నవ్వుతాడు. మేమేమో అద్దె ఇంట్లో ఉంటున్నాం. ఆడనివ్వచ్చా?
– ఒక తల్లి, నెల్లూరు

జవాబు: ఆడనివ్వండమ్మా. నెల రోజులుగా నేనూ ఆడుతున్నాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. గదుల్లో సామాను అమర్చి, వచ్చినవాళ్లలో ఎవరికి అద్దెకివ్వాలో ఎంచుకోవాలి. సామాను మెరుగయ్యేకొద్దీ అద్దె పెరుగుతుంది. ఇదంతా మామూలే. ఆటకు ప్రాణం ఆ అద్దెకొచ్చే మనుషులు. ఒక్కొక్కరిదీ ఒక పని, ఒక వింత అలవాటు, ఒక దిగులు. మెసేజ్‌లు పెడతారు, మనం పలికేకొద్దీ వాళ్ల కథ కొంచెం కొంచెంగా తెలుస్తుంది. మీవాడు నవ్వేది ఆ కథలకే. మనుషుల మీద ఆసక్తి ఉన్న పిల్లాడన్నమాట, సంతోషించండి.

కొన్నాళ్లకు ఆట నెమ్మదిస్తుంది. ఖర్చులు పెరిగి, కథ తగ్గి, అద్దె వసూలే మిగులుతుంది. ప్రకటన చూస్తే బహుమతి అని ఊరిస్తుంది. ప్లే స్టోర్ సెట్టింగుల్లో కొనుగోళ్లకు పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకోండి, చాలు.

నాకు అసలు లోటనిపించింది వేరు. హనుమకొండలో మా పై పోర్షన్ ఇరవై ఏళ్లుగా అద్దెకిస్తున్నాం. నిరుడు వేసవిలో బోరు ఎండిపోయింది. రాత్రి పదకొండుకు ట్యాంకరొస్తే, పైన ఉండే అమ్మాయి చంటిపిల్లను చంకనేసుకుని సంపు దగ్గర నాతోపాటే నిలబడింది. ఆ నెల అద్దె అడగడానికి నాకు నోరు రాలేదు. ఆటలో మంచం మార్చి అద్దె పెంచుతాం. ఆ పెరిగిన డబ్బు ఎవరి జీతంలోంచి, ఏ ఖర్చు తగ్గించుకుంటే వచ్చిందో మనకు కనిపించదు.

1904లో అమెరికాలో ఎలిజబెత్ మాగీ ‘ల్యాండ్‌లార్డ్స్ గేమ్’ అనే బోర్డు ఆటకు పేటెంట్ తీసుకుంది. స్థలాలు కొని అద్దెలు వసూలు చేసే మోనోపలీ ఆట తర్వాత వచ్చింది, దానికి మూలం అదే. అద్దెలు ఓనర్లను ఎలా ధనవంతుల్ని చేస్తాయో, కట్టేవాళ్లను ఎలా కుంగదీస్తాయో చూపించాలనే ఆమె దాన్ని తయారుచేసింది. అందులో పక్కవాడి స్థలంలో ఆగితే మన చేతిలోంచే డబ్బు పోయేది. ఈ ఫోన్ ఆటలో మనం ఎప్పుడూ ఓనరుమే.

మీ ఇంట్లో అద్దె కట్టే ఆ రెండో వైపు ఉంది కదమ్మా. ఈ నెల అద్దె, కరెంటు బిల్లు, నీళ్ల డబ్బులు, ఇల్లు చేరేటప్పుడు ఇచ్చిన అడ్వాన్సు, అన్నీ మీవాడి చేతే ఒక కాగితం మీద రాయించండి. రాశాక మళ్లీ ఆడుకోనివ్వండి. ఆటలో ఎవరి అద్దె పెంచాడో, ఎవరిది పెంచకుండా వదిలేశాడో అడిగి నాకు రాయండి.