థర్మో పేపర్‌కి ముందు ఒక గవ్వ ఏరుకో

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం

చిట్టీ,

"రాళ్లు చదువుదామని చేరితే లెక్కలు పెడుతున్నారు పెదనాన్నా" అన్నావు నిన్న ఫోన్లో. నవ్వేశాను గానీ నీ టెన్షన్ తెలిసింది. ఏళ్ల తరబడి ఇదే థర్మోడైనమిక్స్ పాఠం (వేడి, శక్తుల లెక్క) చెప్పినవాణ్ని కదా, ఫోన్లో తేలే విషయం కాదని రాస్తున్నాను.

పుస్తకం మొదటి పేజీ నుంచి మొదలుపెట్టకు. అక్కడ ఆవిరి, సిలిండరు, పిస్టను ఉంటాయి. అవి ఇంజన్ల వాళ్ల గోల. నువ్వు బీచ్ రోడ్డు మీంచి ఇసుకలోకి దిగి ఒక గవ్వ ఏరుకొచ్చి బల్ల మీద పెట్టుకో.

గవ్వంటే కాల్షియం కార్బొనేట్. బొర్రా గుహల సున్నపురాయీ అదే. అమరిక మాత్రం వేరు. గవ్వలోది అరగొనైట్, బొర్రాలోది కాల్సైట్. మనం బతికే వేడికీ ఒత్తిడికీ కాల్సైట్‌కే గిబ్స్ ఎనర్జీ తక్కువ. (అది ఎంత తక్కువైతే ఆ రూపం అంత స్థిరం.) ఆ లెక్కన నీ గవ్వ ఎప్పుడో కాల్సైట్ అయిపోవాలి. మరి మీ నాయనమ్మ అష్టాచెమ్మా ఆడిన గవ్వలు ఇప్పటికీ గవ్వలుగానే ఉన్నాయిగా! థర్మోడైనమిక్స్ ఎటు వెళ్లాలో చెబుతుంది, ఎప్పుడు చేరతావో చెప్పదు. ఆ 'ఎప్పుడు' కైనెటిక్స్ సొత్తు, అంటే మార్పు వేగం చూసే శాస్త్రానిది. నేను దిద్దిన పేపర్లలో సగం మంది ఈ రెండింటినీ కలిపేసి మార్కులు పోగొట్టుకున్నవాళ్లే.

ఇప్పుడు కాలిక్యులేటర్ తియ్యి. అరగొనైట్ కాల్సైట్‌గా మారితే గిబ్స్ ఎనర్జీ మోల్‌కి సుమారు 1 కిలోజౌల్ తగ్గుతుంది. దాన్ని జౌళ్లలోకి మార్చి, 8.314తోనూ (గ్యాస్ స్థిరాంకం) 298తోనూ (25 డిగ్రీల సెల్సియస్‌కి కెల్విన్లు) భాగించు. 0.4 వస్తుంది. దానికి ఎక్స్‌పొనెన్షియల్ తీస్తే 1.5. అంటే నీళ్లలో అరగొనైట్ కాల్సైట్ కంటే కాస్త ఎక్కువ కరుగుతుందన్నమాట, అంతే. నా ఎమ్మెస్సీ పరీక్షలో నేను 298 బదులు 25 వేశాను. సెల్సియస్! జవాబు 120 దాటింది. అంత తేడా ఉంటే గవ్వలు నిలుస్తాయా అని ఒక్క క్షణం ఆలోచించలేదు, గీత గీసి పేపరిచ్చేశాను. అందుకే చెబుతున్నా, అంకె వచ్చాక దాన్ని తీసుకెళ్లి రాయి పక్కన పెట్టి చూడు. నప్పకపోతే ముందు కెల్విన్లు, తర్వాత కిలోజౌళ్లు వెతుక్కో.

'సిస్టమ్' అనే మాట దగ్గర తికమక పడుతున్నానన్నావు. లెక్క కోసం మనం విడిగా చూసే భాగం, అంతే. బొర్రాలో పైకప్పు నుంచి వేలాడే ఒక్క నీటిబొట్టును తీసుకో, అదే నీ సిస్టమ్. వాన నీరు మట్టిలోంచి దిగుతూ కార్బన్ డయాక్సైడ్ పట్టుకుంటుంది, ఆ పులుపుతో సున్నపురాయిని కరిగించుకుంటుంది. గుహ గాలిలో ఆ వాయువు మట్టిలో కంటే తక్కువ. అందుకని బొట్టు గుహలోకి తొంగిచూడగానే, మూత తీసిన గోలీసోడాలాగా, గ్యాస్ వదిలేస్తుంది. ఇక కాల్సైట్‌ని మోయలేదు, అక్కడే దింపేస్తుంది. ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లపొర కట్టేదీ ఇందుకే. వేడికి గ్యాస్ పోతుంది, సున్నం మిగులుతుంది. ఇక దిగిపోకుండా మిగిలిన కాల్షియం గోస్తనీలో కలిసి భీమిలి దగ్గర సముద్రం చేరుతుంది. అక్కడ ఏదో నత్త దాన్ని పట్టుకుని మళ్లీ గవ్వ కడుతుంది. నీ బల్ల మీది గవ్వలో బొర్రా రాయి కాస్త ఉందేమో, ఎవరు చూడొచ్చారు!

ఎంట్రోపీ అంటే 'చిందరవందర' అని బట్టీపట్టకు. అణువులూ వాటి శక్తీ ఎన్ని రకాలుగా సర్దుకోగలవో చెప్పే కొలత అది. చిందరవందర నీ హాస్టల్ గదికి సరిపోతుంది గానీ ఖనిజాలకి సరిపోదు. కైలాసగిరి ఎక్కి ఖోండలైట్ అనే రాయి ముక్క చూడు. (ఖోందు గిరిజనుల పేరు మీద వచ్చిన మాట అది.) ఎర్రగా గార్నెట్, సన్నటి పోగుల్లాగా సిలిమనైట్ అనే ఖనిజాలు కనిపిస్తాయి. సిలిమనైట్, కయనైట్, అండలుసైట్ మూడింటికీ ఫార్ములా ఒకటే. కయనైట్ దట్టమైనది, తక్కువ చోటు పడుతుంది, కాబట్టి ఒత్తిడి పెరిగితే దాని పక్షం. సిలిమనైట్‌కి ఎంట్రోపీ ఎక్కువ, కాబట్టి వేడి పెరిగేకొద్దీ దాని పక్షం. గిబ్స్ ఎనర్జీ లెక్కలోని TΔS అనే పదంలో (T ఉష్ణోగ్రత, ΔS ఎంట్రోపీ తేడా) T ఎందుకు గుణించి ఉందో ఈ ఒక్క ముచ్చటతో అర్థమవుతుంది. మూడూ కలిసే చోటు సుమారు 500 డిగ్రీలు, 4 కిలోబార్లు (మన గాలి ఒత్తిడికి దాదాపు నాలుగు వేల రెట్లు). అంటే భూమిలోపల పద్నాలుగు, పదిహేను కిలోమీటర్ల లోతు. మన కొండలు అంతకంటే చాలా ఎక్కువ వేడి చూశాయి. పాడేరు దగ్గర సఫిరిన్, క్వార్ట్‌జ్ అనే ఖనిజాలు పక్కపక్కనే దొరికే రాళ్లున్నాయి, 900 డిగ్రీలు దాటితే గానీ ఆ జంట కుదరదు. అంత వేడిలో పుట్టిన సిలిమనైట్ ఇవాళ భీమిలి ఇసుకలో అలల దెబ్బలు తింటూ కూడా మారలేదు. మళ్లీ గవ్వ కథే.

గోల్డ్‌ష్మిత్ మూలకాల వర్గీకరణకి (ఏ మూలకం ఇనుముతో చేరుతుంది, ఏది రాయితో అనే జాబితాకి) ఒక సాయంత్రం చాలు. దానికోసం రాత్రుళ్లు మేలుకోకు.

ఆదివారం పొద్దున్నే ఆరింటికల్లా మా ఇంటికొచ్చేయ్, భీమిలి వెళ్దాం. అల వెనక్కి తగ్గినప్పుడు ఇసుక మీద గులాబీరంగు చారలు కనిపిస్తాయి, అది గార్నెట్. హ్యాండ్ లెన్స్ తెచ్చుకో. గవ్వని పొడి చేసి నిమ్మరసం పోసి నురగ చూద్దాం. నిమ్మకాయలు నేను తెస్తాలే, మీ పెద్దమ్మకి చెప్పకు.

ఆశీస్సులతో,
పెదనాన్న