అద్దె కోసం హైదరాబాదులో చిన్న ఫ్లాటు కొనాలనుకునే కొత్తవారికి

ఉద్యోగంలో చేరి రెండేళ్లయినా కాకముందే, చదువు కోసం చేసిన అప్పు ఇంకా సగం మిగిలి ఉండగానే, మా డాలస్ వైపు తెలుగు కుర్రవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, కూకట్‌పల్లి వైపు పాత టూ బెడ్‌రూమ్ ఒకటి తీసుకుని అద్దెకిస్తే, ఆ అద్దెతోనే ఈఎంఐ వెళ్లిపోతుంది కదా?" వెళ్లదు. పద్దెనిమిదేళ్లుగా ఇక్కడ ఉంటూ అక్కడ రెండు చిన్న ఫ్లాట్లను అద్దెకు తిప్పుతున్నవాణ్ని కనుక ముందు ఆ లెక్కే చెబుతాను.

ఫ్లాటు ధర 60 లక్షలు, అద్దె నెలకు 18 వేలు అనుకుందాం. ఈ స్థాయి అప్పుకు రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం బ్యాంకు 80 శాతానికి మించి ఇవ్వకూడదు కాబట్టి వచ్చేది 48 లక్షలు. 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు దాని ఈఎంఐ దాదాపు 41,650 రూపాయలు, అంటే అద్దె సగానికి కూడా సరిపోదు. చేతి నుంచి పెట్టవలసిన 12 లక్షలకు తోడు 7.5 శాతం రిజిస్ట్రేషన్ ఖర్చులు మరో నాలుగున్నర లక్షలు ఉంటాయి, వాటికి బ్యాంకు అప్పు ఇవ్వదు. ఏడాది అద్దె 2.16 లక్షల్లో ఒక నెల ఖాళీ, ఆస్తిపన్ను, రిపేర్లు తీసేస్తే మిగిలేది లక్షా డెబ్బై వేలు. ఇది తెలిసి కూడా నేను కొన్నాను. ఎందుకంటే పాత అపార్టుమెంట్లలో విలువ గోడలది కాదు, మీ వాటాకు వచ్చే అవిభక్త స్థలానిది (అంటే భవనం కింది ఉమ్మడి భూమిలో మీ భాగం). నలభై గజాల వాటా ఉన్న పాత ఫ్లాటు, ఇరవై గజాలు కూడా రాని కొత్త టవరు ఫ్లాటు కంటే నా దృష్టిలో మేలు. అద్దెను ఆదాయమని కాక, స్థలాన్ని పట్టి ఉంచే ఖర్చులో కొంత తిరిగి రావడమని చూడండి.

ఎన్నారైలు ఇళ్లు, దుకాణాల స్థలాలు కొనవచ్చు గానీ వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్ కొనకూడదు. శంకర్‌పల్లి వైపు గుంటల లెక్కన అమ్మే 'ఫామ్ ప్లాట్ల' గురించి ఎవరైనా వాట్సాప్‌లో పంపితే ఈ మాట గుర్తుంచుకోండి.

కాగితాల సంగతికి వస్తే, లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం), మంజూరైన ప్లాను, ఓసీ (కట్టాక నివాసానికి ఇచ్చే అనుమతి పత్రం) అందరూ అడుగుతారు. కానీ ప్లానును భవనం పక్కన పెట్టి అంతస్తులు లెక్కపెట్టేవారు తక్కువ. చిన్న బిల్డర్లు కట్టిన అపార్టుమెంట్లలో పైన 'పెంట్‌హౌస్' పేరుతో అనుమతి లేని అంతస్తు ఉండటం మామూలు. అది చవకగా వస్తుంది, అద్దె మాత్రం కింది ఫ్లాట్లతో సమానంగా వస్తుంది, ఆశ పుట్టేది అక్కడే. దానికి బ్యాంకు అప్పు దొరకదు, రేపు మీ దగ్గర కొనేవారికీ దొరకదు. 2024 జూలైలో హైడ్రా (చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ) ఏర్పడిన తర్వాత చెరువుల ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు), దాని చుట్టూ వదలవలసిన బఫర్ హద్దులు చూడకుండా ఎవరూ కొనడం లేదు, మీరూ చూడండి. చేతిలో పూర్తి డబ్బు ఉన్నా కొంత అప్పుకు దరఖాస్తు చేయమని నేను చెబుతాను. అప్పు ఇచ్చే ముందు కాగితాలు, ఇల్లు పరిశీలించే బ్యాంకు లాయరు, ఇంజినీరు తమ బ్యాంకు కోసమే చూస్తారన్నది నిజమే అయినా, వారు కాదన్న ఇంటిని నేను మళ్లీ ముట్టుకోను.

అమ్మేవారు కూడా ఎన్నారై అయితే మరో జాగ్రత్త ఉంది. భారతదేశంలో నివసించేవారి నుంచి 50 లక్షలు, ఆపైన ధరకు కొంటే ఒక శాతం టీడీఎస్ (డబ్బు ఇచ్చేవారే ముందుగా పట్టి ప్రభుత్వానికి కట్టే పన్ను) పట్టుకుంటే చాలు. ఎన్నారై దగ్గర కొంటే అంతకంటే చాలా ఎక్కువ పట్టి కట్టాలి, కట్టకపోతే ఆ బాధ్యత కొన్నవారి మీదే పడుతుంది. మియాపూరు, నిజాంపేట ఫ్లాట్ల యజమానుల్లో మనలాంటివారూ ఉంటారు.

ఇక బాగుచేయించడం. నా మొదటి ఫ్లాటు కొన్న ఆరు నెలలకు కింది ఇంటావిడ తన బాత్రూము సీలింగు ఫొటో పంపింది: పళ్లెమంత పసుపు మరక, అంచుల్లో పెచ్చులు. ప్లంబరు వచ్చి టైల్స్ సందుల్లో వైట్ సిమెంటు పూసి వెళ్లాడు. మూడు నెలలకు మరక చాటంతయింది. మళ్లీ పూశాడు. మూడోసారి మా బావమరిది దగ్గరుండి నానీ ట్రాప్ (బాత్రూము నేలలో నీళ్లు బయటికి పోయే చోటు) చుట్టూ పగలగొట్టిస్తే, కింద పైపుల కోసం లోతుగా వదిలిన పల్లపు స్లాబులో కట్టినప్పుడు నింపిన ఇటుక ముక్కలు, వాటి మధ్య ఏళ్ల తరబడి నిలిచిన నల్లటి నీళ్లు కనిపించాయి. అదంతా ఎత్తించి, వాటర్‌ప్రూఫింగ్ చేయించి, కొత్త పైపులు, కొత్త టైల్స్ వేయించి, కింది వారి సీలింగుకు లప్పం పెట్టి రంగు వేయించేసరికి నాలుగు నెలల అద్దె పోయింది. ఆ అనుభవంతో ఇప్పుడు నాదొక పద్ధతి: టైల్స్ వేయకముందు ట్రాప్ మూసి, రెండంగుళాల నీళ్లు కట్టి, గోడ మీద పెన్సిలుతో గీత గీయించి ఫొటో తీయించుకుంటాను. రెండు రోజుల తర్వాత అదే గీత ఫొటో, కింది ఇంటి సీలింగు ఫొటో వచ్చాకే మేస్త్రీకి మిగతా డబ్బు పంపుతాను. మోడ్యులర్ కిచెను, ఫాల్స్ సీలింగు లాంటివాటి మీద పెట్టిన రూపాయికి అద్దెలో రూపాయి రాదు. బాత్రూములు, వైరింగు, తలుపు చట్రాల్లో చెద, వంటగదిలో నీటి వసతి, వీటి మీద పెట్టండి.

నీళ్లు అన్నాను కాబట్టి, కొనే ముందు వాచ్‌మన్‌ను ఒకే ప్రశ్న అడగండి: ట్యాంకర్లు ఏ నెలలో మొదలవుతాయి? మంజీరా (నగర కుళాయి నీళ్ల) కనెక్షన్ ఉందని అమ్మేవారు చెబుతారు, అది ఎన్ని రోజులకోసారి వస్తుందో వాచ్‌మన్ చెబుతాడు.

మీ తరఫున సంతకాలు పెట్టేవారికి పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వవలసి వస్తే, సొంతవారైనా సరే, ఏ ఫ్లాటుకు ఏ పని కోసమో స్పష్టంగా పరిమితం చేసి రాయించండి. కాన్సులేటులో ధ్రువీకరణ చేయించి పంపిన కాగితానికి అది భారతదేశం చేరిన మూడు నెలల్లోపు స్టాంపు సుంకం కట్టాలి. నా స్నేహితుడి కాగితం బీరువాలో ఆర్నెల్లు ఉండిపోయి, చివరికి కొత్తది పంపవలసి వచ్చింది.

విద్యార్థిగా వచ్చినప్పటి, భారతదేశంలోని మామూలు సేవింగ్స్ ఖాతాలోనే అద్దె వేయించుకోవడం పొరపాటు, దాన్ని ఎన్‌ఆర్‌ఓగా (ఎన్నారైల భారతీయ ఆదాయం కోసం ఉండే ఖాతాగా) మార్చుకోండి. ఎన్నారైకి అద్దె కట్టేవారు చట్టప్రకారం 31.2 శాతం టీడీఎస్ పట్టుకోవాలి. ఇది అద్దెకు వచ్చేవారికి సాధారణంగా తెలియదు, ముందే చెప్పి ఒప్పందంలో రాయించండి, రిటర్ను వేసి ఎక్కువ కట్టినది వెనక్కు తెచ్చుకోండి. ఆ అద్దెను అమెరికా రిటర్నులోనూ చూపించాలి, భారతదేశంలో కట్టిన పన్నుకు ఇక్కడ మినహాయింపు ఉంటుంది.

చివరగా, రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న నమ్మకంతో చాలామంది పదకొండు నెలలకే అద్దె ఒప్పందం రాసుకుంటారు. దానివల్ల గడువు ప్రతిసారీ ఒక నెల వెనక్కు జరుగుతూ ఏదో ఒక ఏడు ఆషాఢంలో వచ్చి పడుతుంది. ఆ నెలలో ఇల్లు మారేవారు అరుదు, ఖాళీ అయిన ఫ్లాటు శ్రావణం దాకా తాళంతోనే ఉంటుంది. నాకు రెండుసార్లు అలాగే జరిగింది. ఈసారి రెన్యువల్‌కు ముందు మా అమ్మ పంచాంగం చూసి చెప్పింది, పది నెలలకే రాయించాను.